ఫోటో కోసం ఒక పేజీ

మా వీధిలో ఉండే రిటైరైన హెడ్మాస్టరు గారు మొన్న తన పుస్తకం తెచ్చి ఇచ్చారు. సొంత ఖర్చుతో వేసుకున్నారట, వారంలో చేతికొచ్చిందట. మొదటి పేజీ నిండా ఆయన ఫోటో. బాగుందండీ అన్నాను. ఆయన రాసిన ముక్క ఒక్కటీ చదవకుండా పేజీలు తిప్పుతూ నేను చూసుకున్నది ఒక్కటే, బొమ్మలకు ఎదురుగా వాటి మాటలే ఉన్నాయా లేదా అని.

అరవైల మొదట్లో డిప్లొమా ముగించి ముత్తుకూరు రోడ్డు పనుల మీద ఓవర్సీరుగా చేరాను. మా పాలెంలో సముద్రం మీదికి పోకుండా ఉద్యోగానికి పోయిన మొదటివాణ్ణి నేనే. ఏ పనికైనా ముందు జాబితా రాసుకోవడం, అయినదానికల్లా టిక్కు పెట్టుకోవడం నా అలవాటు. రేవులో కొయ్యకు తుపాను గుర్తులుగా నల్ల బుట్టలు కట్టేవారు. వాటికి మావాళ్లు తలొక అర్థం చెప్పుకుని వాదులాడుకోవడం చూసి, ఆ గుర్తులన్నీ తెలుగులో పుస్తకంగా వేయాలని నాకు బుద్ధి పుట్టింది. ఎడమ పేజీలో గుర్తు బొమ్మ, కుడి పేజీలో దాని అర్థం, తెరిస్తే రెండూ ఎదురెదురుగా కనిపించాలి.

సొంతంగా పుస్తకాలు వేసుకునే నాలాంటివాళ్లకోసం గూడూరులో ఒక ప్రెస్సు ఉండేది. ప్రూఫులు మూడుసార్లు దిద్ది ప్రతి పంక్తికీ టిక్కు పెట్టాను. అంతా అయ్యాక యజమాని నా మొహం పరీక్షగా చూసి, "ఫోటో లేని పుస్తకం తలకాయ లేని బొమ్మండీ, ఓవర్సీరు గారూ," అన్నాడు. అప్పటిదాకా లేని ఆశ ఆ మాటతో పుట్టింది. మద్రాసులో ఫోటో అచ్చుకు బ్లాకు చేయించి తెచ్చేసరికి పుస్తకం అచ్చుకెక్కబోతోంది. మరోసారి ప్రూఫు చూసుకుంటారా అని ఆయన అడిగాడు కూడా. అక్కర్లేదు, అన్నీ చూసేశాను అన్నాను. నా జాబితాలో ఫోటో లేదు.

పుస్తకం పాలెం చేరగానే మా అన్న ఇంటింటికీ తిరిగి ఫోటో చూపించినాడు. ఆయనకు చదువు రాదు. వదిన అయిదో తరగతి దాకా చదివింది గనక అరుగు మీద కూర్చుని పైకి చదివేది. "ఓవర్సీరు వదిన పురాణం మొదలుపెట్టిందిరోయ్," అని పక్కింటివాళ్లు ఆటపట్టించేవారు, అయినా వచ్చి వినేవారు.

కార్తీకంలో ఒక ఉదయం రోడ్డు పని దగ్గర నుంచి చూస్తే కొయ్యకు అపాయం గుర్తు ఎక్కి ఉంది. నా పుస్తకం అక్కరకొచ్చిందన్న గర్వంతో సంచిలోంచి తీసి ఆ బొమ్మ తెరిచాను. దానికి ఎదురుగా, "దూరాన గాలివాన పుట్టింది, ఈ రేవుకు ఇప్పట్లో భయం లేదు," అని ఉంది. అది అంతకు ముందు గుర్తుకు రాసిన అర్థం. నా ఫోటో ఒక పేజీ తినేసింది. ఫోటో వెనక పేజీ ఖాళీగా వదలడం దండగని అక్కడినుంచే పాఠం మొదలుపెట్టారు. దాంతో పేజీలన్నీ ఒకటి చొప్పున జరిగి, ప్రతి బొమ్మకూ ముందు బొమ్మ అర్థం ఎదురుపడింది. అసలు అర్థం పేజీ తిప్పితే గాని కనబడదు.

సైకిలెక్కి పాలెం చేరేసరికి గాలి మొదలైంది. అన్న తెప్ప ఒడ్డున లేదు.

"నువ్వు రాసిందే గదా చదివినా," అంది వదిన, నా మొహం చూసి బెదిరిపోతూ. "బొమ్మ చూసినాడు, చదవమన్నాడు, మా తమ్మయ్య చెప్పినాడంటే భయం లేదులే అని పోయినాడు."

ఆ రోజంతా ఇసుకలో ఆమె పక్కన నిలబడ్డాను. నోరు తెరిస్తే నిజం చెప్పేస్తానేమోనని ఒక భయం, అన్న రాకపోతే చెప్పి ఏం లాభమని ఇంకో భయం. మర్నాడు మధ్యాహ్నం అన్న దక్షిణపు ఒడ్డు వెంబడి నడిచి వచ్చినాడు. తెప్ప లేదు. కుడి చెయ్యి విరిగి వేలాడుతోంది, అది మళ్లీ తెడ్డు పట్టలేదు. పుస్తకం తప్పెందుకు చెబుతుంది, ఆడమనిషి చదువు, పేజీ తప్పి చదివింది అని పాలెమంతా అనుకుంది. వదిన కూడా అదే నమ్మింది. కొత్త అచ్చు వేస్తున్నానని అబద్ధం చెప్పి పుస్తకాలన్నీ వెనక్కి తెచ్చి తగలబెట్టాను, జాబితా ప్రకారం ఒక్కటి తక్కువైంది. ఆ తర్వాత వదిన ఎవరికీ ఏదీ చదివి వినిపించలేదు.

ఆమె పోయాక ట్రంకుపెట్టెలో చీరల కింద ఆ ఒక్కటీ దొరికింది. ప్రతి బొమ్మ కిందా పెన్సిలుతో, "అర్థం వెనక పేజీలో," అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఆమెకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. ఎన్ని పండుగలకు నా విస్తట్లో చేపల పులుసు వడ్డిస్తూ, తిను అబ్బయ్యా అని కొసరిందో, అందులో ఎన్ని పండుగలు తెలిసి వడ్డించిందో అని ఈనాటికీ లెక్క వేసుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు మా పాలెంలో గాలివాన కబురు ప్రతివాడి జేబులోనూ మోగుతుంది, బుట్టల వైపు చూసేవాళ్లు లేరు. పుస్తకమంటారా, తప్పు పడితే ఒక్క పూటలో దిద్ది మళ్లీ వేయవచ్చునని హెడ్మాస్టరు గారు సంబరంగా చెప్పారు. మంచిదే. కాని మరోసారి చూసుకుంటారా అని అడిగే ప్రెస్సు యజమాని ఆయనకు ఉన్నాడో లేడో. నాకు ఉండేవాడు, నేనే వినలేదు.