తీగల అక్షరాల శుభలేఖ

ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఈరేష్‌కు శుభలేఖలు అచ్చువేసే అంగడి ఉంది. పొద్దున నేను పేపరు చదువుకునేది అక్కడే. అతని కంప్యూటరులో తనే గీసుకున్న లిపి ఒకటుంది. ప్రతి అక్షరం నుంచీ ఒక తీగ లేచి, పక్క అక్షరం మెడకు చుట్టుకుని, చివర మొగ్గ తొడుగుతుంది. చూడటానికి మహా అందం. చదవడం మాత్రం మానవమాత్రుల వల్ల కాదు.

"శుభలేఖ యాడ సదువుతారప్పా మనోళ్లు?" అంటాడు ఈరేష్. "ముహూర్తం నోటితోనే సెప్పిపోతారు. ఇంగ కార్డులో ఎతికేది వాళ్ల పేరు, దాని మీద ఎవురి పేరుందా అని."

నిజమే. మా వైపు అలకలన్నీ కార్డు అడుగున ఉండే పేర్ల వరసలోనే పుడతాయి.

ధాన్యం వ్యాపారి బాలకృష్ణయ్య కూతురి పెండ్లికీ అదే ముంచుకొచ్చింది. ఎమ్మిగనూరులో ఉండే బావ, అక్క మొగుడు పాండురంగయ్య పేరు పైన వేస్తే తమ్ముడు శ్రీధర్ రానన్నాడు. శ్రీధర్ పేరు పైన వేస్తే బావ రానన్నాడు. కొడుకూ అల్లుడూ ఇద్దరూ పంక్తిలో కనబడకపోతే తాను మెతుకు ముట్టనని తల్లి ఈశ్వరమ్మ తేల్చేసింది. అన్నంత పనీ చేసే మనిషి.

"ఎట్ల సేద్దాం ఈరేషూ?" బాలకృష్ణయ్య బల్ల మీద కూలబడ్డాడు.

"తీగల్లో ఏద్దామన్నా. మీ బావకు సూపిచ్చేటప్పుడు పైనుండేది నీ పేరే అను. మీ తమ్మునికీ అదే మాట సెప్పు."

"పైన ఎవురున్నారో నాకే తెలకపోతే?"

"తెలకుంటేనే మేలు. అబద్ధమాడినట్ల గాదు."

పెండ్లికి ఇద్దరూ వచ్చినారు. వచ్చి, ఎదురెదురు విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఓళిగలు వడ్డించేలోగా కార్డు బయటికొచ్చింది.

"పైన నా పేరుంది, సూసినావా?" అన్నాడు పాండురంగయ్య.

"అద్దాలు మార్పిచ్చుకో బావా. అది నాది."

"నీకు సదువు ఎప్పుడొచ్చెరా? ఇంటరు ఇంగా రాస్తానే ఉంటివి గదా."

ఈశ్వరమ్మ నెయ్యి కలపబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. బాలకృష్ణయ్య పరుగున పోయి, పంక్తి చివర పప్పన్నం తింటున్న ఈరేష్‌ను ఎంగిలి చేత్తోనే లేపుకొచ్చాడు.

ఈరేష్ కార్డు చూశాడు. ముట్టని విస్తరి ముందున్న ముసలమ్మనూ చూశాడు.

"పైనుండేది మీ ఇద్దురిదీ కాదు. అవ్వ పేరు. ఈశ్వరమ్మ అని ఏసినా. ఈడ సూడండి, ఈ సుట్టంతా అదే."

ఇద్దరూ వంగి చూశారు.

"అవును. నాకు ముందే అనుమానమొచ్చింది," అన్నాడు పాండురంగయ్య.

"నేను సెప్పలా అది నీది కాదని?" అన్నాడు శ్రీధర్.

ఈశ్వరమ్మ కార్డును కండ్లకద్దుకుని, అన్నం కలుపుకుంది.

తాంబూలాల దగ్గర ఈరేష్‌ను అడిగాను. "ఆమె పేరు ఎప్పుడు చేర్చినావయ్యా?"

"యాడ సేర్సినా? ఆమె పేరు కార్డులోనే లేదప్పా. రాసిచ్చేటప్పుడు వాళ్లకు గ్యాపకం రాల్యా, అడగాలని నాకూ తోచల్యా," అని వక్క నోట్లో వేసుకున్నాడు.