కిన్నెర మెట్లు జరిపిన రోజు

రాష్ట్రం వచ్చినంక కిన్నెరకు గౌరవం పెరిగింది. అది చూసి నాకు కూడా కిన్నెర మీద ప్రేమ పుట్టింది. అంతకుముందు పుట్టకపోవడానికి ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు.

అప్పుడు మహబూబ్‌నగర్‌ల ఓ కాలేజీల ఫిజిక్స్ చెప్తుంటి. కీబోర్డు కొంచెం వాయిస్త. వార్షికోత్సవానికి కిన్నెర మీద ఓ కొత్త పాట కట్టాలనుకున్న. పాత వాద్యానికి కొత్త సంగీతం. ఈ ముక్క స్టాఫ్‌రూమ్‌ల నాలుగుసార్లు అన్న. ఎవరూ కాదనలేదు. ఎవరూ వినలేదు గనక.

బస్సుల రెండు గంటలు పోతే ఓ ఊళ్లె కిన్నెర తాత ఉన్నడని తెలిసి పోయిన. వెదురు దండి, కింద సొరకాయ బుర్రలు, దండి మీద పన్నెండు మెట్లు. తీగెను ఏ మెట్టు మీద నొక్కితే ఆ స్వరం. మెట్లకు మేకులుండవు, తేనె మైనంతో అతికిస్తరు. తాత పాడుకుంట వాయిస్తుంటే ఫోన్ల వీడియో తీసిన. ఊరికే తియ్యకుండ, పక్క నుంచి కొంచెం వివరణ కూడా ఇచ్చిన.

నేను కట్టిన పాటలోని స్వరాలు కొన్ని ఆ మెట్ల మీద దొరకలేదు. పాట మార్చుకోవచ్చనే ఆలోచన రావాల్సింది. రాలేదు. శ్రుతి కొలిచే యాప్ తెరిచి తాతకు చూపించిన.

"తాతా, నీ మెట్లు శ్రుతిల లేవు. చూడు, ముల్లు పక్కకు పోతాంది."

"గది నా ముల్లు కాదు గద సారూ. గీ మెట్లు మా నాయిన తన గొంతుకు పెట్టుకున్నడు. నా గొంతు గూడ గట్లనే తయారైంది."

"నా పాటకు జర జరుపుదాం. మళ్ల ఎనక్కి పెట్టొచ్చులే. మైనమే గద."

చింతపండు గింజలు తీస్తున్న అవ్వ, తాత భార్య, తలెత్తకుండనే అన్నది: "సదువుకున్నోళ్లు చెప్తాండ్రు, ఇనరాదూ!"

నన్ను నమ్మినోళ్లు నా జీవితంల తక్కువ. వాళ్లల్ల అవ్వ ఒకామె.

ఎండకు మైనం మెత్తబడింది. ఒకటి జరిపితే పక్కది కుదరలేదు. చివరికి పన్నెండూ జరిపినం. ముందు ఎక్కడున్నయో గుర్తు పెట్టలేదు. దేన్ని కదిలించినా ముందు రీడింగ్ రాసుకోమని ల్యాబ్‌ల పిల్లలకు చెప్పేది నేనే.

అప్పటిదాక తాతతోటి నా పాట ఒక్కటే సాధన చేయించిన. వార్షికోత్సవం నాడు దాన్ని తప్పు లేకుండ వాయించిండు. చప్పట్లు కొట్టిండ్రు. ఇద్దరికీ శాలువలు కప్పిండ్రు. నాది కొంచెం పెద్దది. ప్రిన్సిపాల్ "ఇప్పుడు మీ సొంత పాట ఒకటి" అని అడిగిండు. తాత సంబురంగ మొదలుపెట్టిండు. వేళ్లు ఎప్పటి జాగాలకే పోయినయి. స్వరాలు అక్కడ లేవు. గొంతు ఒకదిక్కు, కిన్నెర ఒకదిక్కు. సగం చరణంల ఆపి, కిన్నెరను వేరేవాళ్లదన్నట్టు చూసిండు.

"ముసలాయన మర్చిపోయినట్టుంది," అన్నడు పక్కన నిలబడ్డ లెక్చరర్. నేను తల ఊపిన. మైకు నా చేతిలనే ఉండె.

వారం తర్వాత పోతే తాత గడపల కూసొని మెట్లు జరుపుకుంటున్నడు.

"దొరుకుతలేవు సారూ. సావుకు పాడనీకె పిలిచిండ్రు, పోలే. ఏం మొఖం పెట్టుకొని పోవాలె?" తర్వాత మెల్లగ అడిగిండు. "మొదటిరోజు ఫోన్ల పట్టినవు గద. జర పెట్టు."

పెట్టిన. ఐదు నిమిషాల వీడియో. నాలుగు నిమిషాలు నేనే మాట్లాడుతున్న, మన కళలను మనమే కాపాడుకోవాలని. నా మాటల ఎనక, గోడ అవతల వాయించినట్టు, కిన్నెర.

తాత ఫోను చెవికి ఆనించుకున్నడు. వినుడు, మెట్టును గోరంత జరుపుడు, తీగె మీటుడు, మళ్ల వినుడు. పొద్దుగూకేదాక నా గొంతు కళలను కాపాడుతనే ఉన్నది. లేచిపోదామంటే ఫోను నాది.

"జర ఆగు సారూ, ఇననియ్యి," అన్నడు తాత ఫోనుతోటి.

పక్కన కూసున్న నేను ఊపిరి బిగబట్టిన. ఫోన్ల ఉన్నోడు ఆగలే.

పదకొండు మెట్లు దొరికినయి. పన్నెండోది పలికిన చోట నేను పెద్దగ నవ్విన. ఎన్నిసార్లు పెట్టినా అక్కడ నవ్వే వస్తుండె. ఆ మెట్టును తాత ఇప్పటికీ అతికించలేదు. పాటల ఆ స్వరం వచ్చినకాడ గొంతుతోనే పాడుతడు, వేలును గాలిల ఆపి.