తోమిన ఎలుగుబంటి

నన్నెవరూ అడగలేదు. పద్నాలుగేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. పక్కింటి శంకరయ్యకు నా మీద అనుమానమైనా రాలేదు. తప్పు చేయడానికి కూడా నేనొక మనిషినని అతను అనుకోలేదు.

నాందేడ్ రైల్వే క్వార్టర్లలో మావి పక్కపక్క ఇళ్లు. శంకరయ్యకు రష్యాలో పోతపోసిన కంచు జంతువుల బొమ్మలంటే పిచ్చి. పాత జాగీర్దార్ల ఇళ్లలోంచి బయటపడ్డ గుర్రాలు, వేటకుక్కలు పోగుచేసేవాడు. వాటన్నిటిలో మేలైనది ఎలుగుబంటి. పీఠం అడుగున రష్యన్ అక్షరాలుండేవి. భోకర్‌లో పాత సామాన్ల దుకాణంలో దాన్ని ముందు చూసింది నేను. కొన్నది అతను. హైదరాబాదు నుంచి పెద్దమనుషులు చూడ్డానికి వచ్చిన రోజు నన్ను చూపించి, "ఈయన మా పక్కింటాయన. దీన్ని బస్టాండు కాడికెల్లి మోసుకొచ్చిండు. హమాలి పని మంచిగ జేస్తడు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

మా వైపు కరువొచ్చిన మరుసటి ఏడు, దసరా ముందు, అతను డ్యూటీకి పోయినప్పుడు అతని భార్య సుశీల గోడ అవతలినుంచి పిలిచింది.

"అన్నా, ఇత్తడి సామాన్లు తోముతున్న. గీ ఎలుగుబంటి మసిబట్టినట్టున్నది. దీన్ని గూడ తోమాల్నా?"

అది మసి కాదు. పోత పోసినవాడు మందులు పట్టించి తెచ్చిన రంగు, ఏళ్ల తరబడి ముదిరిన రంగు. దాని విలువంతా ఆ రంగులోనే. పోతే తిరిగి రాదు. నాకు తెలుసు. ఆమెకు తెలియదు.

"చింతపండు బెట్టి గట్టిగ తోము చెల్లె. మీ ఆయన మురుస్తడు."

సాయంత్రానికి ఎలుగుబంటి కొత్త చెంబులా మెరుస్తోంది. శంకరయ్య అరుపులు విని నేనూ వెళ్లాను.

"బుద్ధున్నదా నీకు? ఎవలు చెప్పిండ్రే తోమమని?"

ఆమె నావైపు చూసింది. ఏదో అనబోయి తల దించుకుంది. నేనూ నోరు మూసుకుని ఉండవలసింది.

"నన్నొక్క మాట అడిగితే అయిపోవు గద చెల్లె," అన్నాను.

నన్ను అవమానించింది అతను. మరి ఆమెను ఎందుకు బలిపెట్టాను? అతని ముందు నిలబడే దమ్ము లేక, నమ్మి అడిగిన మనిషిని దొరకబుచ్చుకున్నానా? ఆ తర్వాత ఎవరొచ్చినా శంకరయ్య ఆ ఎలుగుబంటిని తీసి, "మా ఇంటిదాని ఘనకార్యం" అని చూపించేవాడు. ఆమె చాయ్ పట్టుకుని అక్కడే నిలబడి వినేది. ఆ చాయ్ నేనూ తాగాను. ఒకసారి కాదు. నా మీద నాకే రోత.

చెప్పేశాను. క్షమించమని అడగను. కొంచెం ఊపిరాడుతోంది, అంతే. కానీ సుశీలా, ఆ రోజు నా పేరు నీ నోటిదాకా వచ్చింది. ఎందుకు మింగేశావు? జాలిపడ్డావా? పేరెత్తడానికి కూడా నేను తగనని అనుకున్నావా? తిట్టాలనుంటే తిట్టు. జవాబు మాత్రం చెప్పు.