బాబాయి కార్ఖానాలో కుక్క

మా బాబాయి వడ్రంగి. కుడిచేతికి వణుకు వచ్చాక ఉలి పట్టలేకపోయాడు. చొక్కా గుండీలు పిన్ని పెట్టాల్సిందే, నీళ్ల గ్లాసు సగమే నింపి ఇవ్వాల్సిందే. ఫోన్ మోగితేనే విసుక్కునే ఆ మనిషి ఫోన్‌లో ఆట ఆడుతున్నాడని తెలిసినప్పుడు నేను నోరు వెళ్లబెట్టాను.

చెక్క సామాను చేసే ఆట అది. దుంగ ఎంచుకోవాలి, కోయాలి, చిత్రిక పట్టాలి. ఎడమచేతి వేలొక్కటి చాలు. బాబాయి ఒక బీరువా మొదలుపెట్టి, సొరుగు కాస్త బిగుతుగా ఉన్నా విప్పి మళ్లీ చేసేవాడు. కావాలంటే సాయానికి పెంపుడు జంతువుల్నీ పెట్టుకోవచ్చు, మనం లేనప్పుడు అవే పని చేసేస్తాయి.

"నా కార్ఖానాలోకి కుక్కెందుకు? పొట్టులో దొర్లడానికా?" అని కొట్టిపారేశాడు.

ఆయన గంటలకొద్దీ మెడ వంచుకుని కూర్చోవడం పిన్ని చూడలేకపోయింది. ఆయన స్నానానికి వెళ్లిన సమయం చూసి ఆటలోకి కుక్కను తెచ్చి పెట్టేసింది. పాపం, మేలు చేస్తున్నాననే అనుకుంది.

బాబాయి వచ్చి ఫోన్ తెరిచాడు. అంతే, కొయ్యబారిపోయాడు. నేనూ తొంగిచూశాను. బీరువా పూర్తయిపోయింది. సొరుగులు, పిడులు, మెరుగుతో సహా. పక్కన కుక్క తోక ఊపుతోంది.

"ఎవరు చేశారిది?"

"కుక్కేనండీ. మీకు శ్రమ తగ్గుతుందని నేనే పెట్టా," అంది పిన్ని.

ఆటే కదా, ఇంత రాద్ధాంతమా అనేవాళ్లుంటారు. అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు బాబాయి మొహం చూడలేదు. పనిముట్లు అమ్మేసిన రోజు కూడా ఆయన మొహం అంతగా పాలిపోలేదు.

"కుక్కని తీసేస్తాలెండి," అంది పిన్ని కంగారుగా.

"కుక్కని తీసేస్తావు. మరి బీరువా?"

పిన్ని ఫోన్ అందుకోబోయి ఆగింది.

"గుండీలు నువ్వు పెడుతున్నావు. గడ్డం నువ్వు గీస్తున్నావు. ఎప్పుడైనా కాదన్నానా?" అన్నాడు బాబాయి మెల్లగా. "నా చేత్తో చేసుకునేది ఇదొక్కటే."

పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయన ఇలా మాట్లాడగా ఆవిడ విన్నట్టు లేదు. వచ్చి ఆయన పక్కన కూర్చుంది. మళ్లీ మొదటినుంచీ చేసుకుంటానని ఆయన అంటే, ఆట మొత్తం చెరిపేసింది. ఖాళీ కార్ఖానా వచ్చింది. పెంపుడు జంతువులు కావాలా, వద్దా అని ఆట అడిగింది.

'వద్దు' మీదికి వెళ్లిన వేలిని పిన్ని వెనక్కి తీసుకుంది.

"అది కూడా మీరే నొక్కండి," అని ఫోన్ ఆయన ఎడమచేతిలో పెట్టింది.