వల తిరిగి వాగుకు

బాల్కనీల పావురాలు రాకుండ మా ఆయన చాపల వలను కడ్తనన్నడు మా అల్లుడు. గా మాటతోనే నా ప్రయాణం షురువైంది.

ఆయన పోయి ఏడాది దాటింది. ఊర్ల ఇల్లు ఖాళీ చేసినప్పుడు గొడ్డలి, తేనె తీసే తాడు, గిన్నెలు అన్ని ఎవలెవలికో ఇచ్చేసిన. వల ఒక్కటి యాప్రాల్‌కు, బిడ్డ ఇంటికి తెచ్చుకున్న. విసురు వల. ఆయనే అల్లిండు, రెండు వానకాలాలు పట్టింది. అల్లుడు మంచోడే. "అత్తమ్మా, కొత్త జాలి కొనుడెందుకు, మామ వల ఊకెనే పడున్నది గద" అన్నడు. తప్పు పట్టలే. గని వల తడవాలె. దాన్ని తడిపే చెయ్యి మా ఊర్ల ఒక్కటే ఉన్నది, యాకూబ్‌ది. మా ఆయన, యాకూబ్ ముప్పయ్యేండ్లు కలిసి వాగుల దిగినోళ్లు. ఆఖరి ఏడాదిన్నర మాటల్లేవు. దానికి కారణం నేనే. గది చెప్పి, వల ఇచ్చి రావాలె అని బయలెల్లిన. తీస్కుంటడో మొఖం మీద కొడ్తడో తెల్వది. నాకు సంతకం మట్టుకే వస్తది, నేను చెప్తుంటే నా బిడ్డ సుజాత రాస్తున్నది.

శుక్రవారం పొద్దుగాల ఐదింటికి యాప్రాల్‌ల ఆటో ఎక్కిన. సికింద్రాబాద్ టేషనుకు అర్ధగంట. ఆడోళ్లకు బస్సు ఫ్రీ ఉండంగ రైలెందుకు అంటరు. నాకు షుగరున్నది, మాటిమాటికి ఒంటికి పోవాలె, రైల్ల దొడ్డి ఉంటది, అందుకు. షుగరున్నోళ్లు నా లెక్కనే చెయ్యున్రి.

టేషన్ల సంచి మిషన్‌ల పెడ్తే ఆపిన్రు. వల అంచుకు సీసం గుండ్లు ఉంటయి, గవి నల్లగ కనపడ్డయట.

"ఏందమ్మా, ఇన్ని గుండ్లు?" అన్నడు పోలీసాయన.

"వల బిడ్డా."

"ఏ ప్లాట్‌ఫారం మీద పట్టుతవమ్మా చాపలు?" అని నవ్విండు గని మొత్తం ఇప్పిచ్చి చూసినంకనే పోనిచ్చిండు. మళ్ల మడత పెట్టేసరికి పది నిమిషాలైంది. వల పట్టుకొని పోయెటోళ్లు జెర ముందుగాలనే పోవాలె.

కాజీపేట పాసింజరు ఆరున్నరకు కదిలింది. నా ముందట ఒకామె ఖాళీ గంపలు ఒకదాంట్ల ఒకటి పెట్టుకొని కూసున్నది. ఆలేరు దిక్కు ఊరంట, మోండా మార్కెట్ల కరివేపాకు, గోంగూర అమ్మి తిరిగి పోతున్నది. ఘట్‌కేసర్ దాటకముందే నా సంగతంత అడిగింది.

"నీ మొగడు తాగెటోడా?"

"తాగెటోడు. పండుగకు."

"కొట్టెటోడా?"

"కొట్టనీకి ఇంట్ల ఉంటే గద. అడివిలనే తిరిగెటోడు."

"అదృష్టమంతురాలివి" అన్నది. ఇద్దరం నవ్వినం.

అబద్ధమేం కాదు. తెల్లారకముందే పోయెటోడు. ఏ పుట్ట మీద ఎప్పుడు పుట్టగొడుగులు లేస్తయో ఆయనకు తెల్సు. తునికి పండ్లు, మొర్రి పండ్లు, తేనె, ఏది దొరికినా తువ్వాలల మూట కట్టుకొని వస్తుండె. దార్ల ఒక్క పండు నోట్లె ఏస్కోడు. "ముందు పిల్ల తినాలె" అనెటోడు. వానకాలం వాగు నిండితే సుజాతను భుజాల మీద ఎక్కిచ్చుకొని బడికి దాటిస్తుండె. సాయంత్రం దాన్క గట్టు మీదనే గాలం ఏస్కొని కూసుండి, బడి ఇడిసినంక మళ్ల దాటిస్తుండె. యాప్రాల్‌కు వస్తే రెండు దినాలు నిలువడు. "ఈ ఇంట్ల పొద్దు ఏ దిక్కు పొడుస్తదో తెలుస్తలేదు" అని చెప్పులేస్కొని పోయెటోడు.

తొమ్మిదింబావుకు కాజీపేటల దిగిన. టేషన్ బయట ఇడ్లీ తిన్న, చట్నీ పల్చగున్నది, చాయ్ బాగున్నది. హన్మకొండకు ఆటో, ఆడికెల్లి నర్సంపేట బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు కొట్టిండు. నిలబడే పోయిన. నర్సంపేట కాడ మా ఊరి ఆటో పదిమంది ఎక్కేదాక కదలదు, అందుకని పన్నెండు దాటింది.

యాకూబ్ ఇల్లు ఊరి చివర. ఆయన భార్య జాన్‌బీ వాకిట్ల బియ్యం చెరుగుతున్నది. నన్ను చూసి చాట కింద పెట్టింది. "అక్కా! గిట్ల చిక్కిపోయినవేంది? పట్నంల తిండి పెడ్తలేరా?"

యాకూబ్ బర్రెకు నీళ్లు పెడుతున్నడు. "వచ్చినవా వదినా" అన్నడు. మళ్ల బక్కెటు దిక్కు తిరిగిండు. సంచి దిక్కు సుత చూడలే.

జాన్‌బీ అన్నం పెట్టింది. తిన్నంక నేను నిలబడే చెప్పిన. కూసుంటే నోరు రాదని.

మూడేండ్ల కింద సుజాతకు కాన్పయింది. పాలు పడలే. పసిపిల్ల ఏడుస్తది, దాన్ని చూసి తల్లి ఏడుస్తది. నేను ఊరికి ఫోన్ చేసి మా ఆయనతోని అన్న, "కొర్రమట్ట చాప తే, కొర్రమట్ట కూర తింటే పాలు పడ్తయి. బిడ్డకు పాల్లేవని మాత్రం ఎవలకు చెప్పకు, దిష్టి తగుల్తది. నా మీద ఒట్టు." గా సాయంత్రమే మా ఆయన, యాకూబ్ కలిసి మోచేయంత కొర్రమట్టను పట్టుకొచ్చి, తెల్లారి పంచుకుందమని మా ఇంటి గోలెం నీళ్లల్ల ఇడిసి పెట్టి ఉన్నరు. జాన్‌బీ జరం పడి లేచింది, ఆమెకు పెట్టాలని యాకూబ్ అనుకున్నడు. మా ఆయన ఫస్టు బస్సుకే చాపను బక్కెట్ల ఏసి, పైన గుడ్డ కట్టి యాప్రాల్‌కు పట్టుకొచ్చిండు. తెచ్చేసరికి ఇంక తోక కొడుతనే ఉన్నది.

పొద్దున యాకూబ్ వచ్చి చూస్తే గోలెం ఖాళీ. మా ఆయన ఊరికి తిరిగి పోయినంక అడిగిండట, "చాప ఏదన్నా?" అని. "పోయింది" అన్నడట మా ఆయన. గంతే. పట్నంల మంచి రేటుకు అమ్ముకున్నడని ఊరంత అనుకున్నది. ఆయన నోరిప్పలే. నా ఒట్టు పట్టుకొనే కూసున్నడు, చచ్చేదాక. నేను కాన్పు సంది బిడ్డ తాననే ఉంటి, గీ సంగతి నాకు ఆయన దినాలనాడు పక్కింటోళ్లు చెప్తే తెలిసింది. గప్పుడే యాకూబ్‌కు చెప్పాల్సి ఉండె. సిగ్గుకు ఏడాది ఊకున్న.

"ఆయన దొంగ కాదు తమ్మీ. చెప్పద్దని ఒట్టు పెట్టింది నేనే" అన్న.

"అడిగితే నేనే ఎత్తుకొని వస్తుంటి వదినా" అన్నడు. "సుజాతను ఆయనొక్కడే మోసిండా? నా భుజాల మీద దాటలేదా వాగు? నన్ను పరాయోడి లెక్క చూసిండు." బర్రెను ఇప్పుకొని పోయిండు.

జాన్‌బీ నా చెయ్యి పట్టుకున్నది. "గా దినం నేను బీరకాయ కూర తిన్న. చావలే గద, ఊకో అక్కా" అన్నది.

రాత్రి ఆళ్లింట్లనే పండుకున్న. మా ఊర్ల లాడ్జి గిట్ల ఏం లేదు, తెలిసినోళ్లుంటేనే పోవాలె. యాకూబ్ చీకటి పడంగ వచ్చి తిని పండుకున్నడు. సంచి గడప కాడ పెట్టిన కాడనే ఉన్నది. ఇగ తీస్కొని పోవుడే అనుకున్న, పావురాలకే రాసి ఉన్నదని.

పొద్దుగాల ఆరింటికి లేస్తే గడప కాడ సంచి లేదు.

"వాగు కాడ ఉన్నడు, పో" అన్నది జాన్‌బీ పొయ్యి ఊదుకుంట.

నడిస్తే పావుగంట. నేను పోయేసరికి మోకాళ్ల లోతుల నిలబడ్డడు. వల ఎడమ మోచేతి మీద ఏస్కొని, ఒక అంచు పండ్లతోని పట్టుకొని, నడుం తిప్పి ఇసిరిండు. నీళ్ల మీద గుండ్రంగ పడ్డది. మొదటిసారి ఏం రాలే. రెండోసారికి రాయికి పట్టుకున్నది, "నీ యజమాని లెక్కనే మొండిదానివి" అని తిట్టుకుంట ఇడిపిచ్చిండు. ఏడెనిమిదిసార్లు ఏసినంక జెల్లలు, పరికెలు కలిసి కిలోన్నర దాక పడ్డయి.

గట్టుకు వచ్చి రెండు మోదుగాకులు పరిచి రెండు పోగులు పెట్టిండు. పెద్దది ఇటు, చిన్నది అటు, సమానం చేసిండు. ఈడ పంచుకునే తీరు ఒకటున్నది. ఒకలు ఎనుకకు తిరిగి నిలబడాలె. ఇంకొకలు ఒక పోగు మీద చెయ్యి పెట్టి ఎవరిదని అడగాలె. ఎనుకకు తిరిగినోళ్లు చూడకుండ పేరు చెప్పాలె. ఇగ దాని మీద లొల్లి ఉండదు.

యాకూబ్ ఎనుకకు తిరిగిండు. "అడుగు వదినా" అన్నడు.

నేను వంగి చెయ్యి పెట్టిన. "ఇదెవరిది?"

"మా అన్నది."

రెండో దాని మీద చెయ్యి పెట్టిన. "ఇది?"

"నాది." ఇటు తిరిగి లుంగీ పిండుకున్నడు. "వల ఆయనది, వాటా ఆయనది. వల నా తాన ఉన్నంత కాలం గంతే. నువ్వు వచ్చినప్పుడు తీస్కపో. రాకుంటే చాపలు ఎండబెట్టి పంపుత."

జాన్‌బీ చాపలు కోసి కడిగి, ఉప్పు పసుపు రాసి స్టీలు డబ్బల పెట్టింది. పదకొండింటికి బయలెల్లిన. కాజీపేటల రెండున్నరకు రైలు దొరికింది, డబ్బ మీద సామాన్ల పలకకు పెట్టి కింద కూసున్న. జనగామ కాడ ఎక్కిన ఒక పిలగాడు చెవులకెల్లి వైర్లు తీసి, "అమ్మా, ఏందో నీసు వాసన వస్తున్నది" అన్నడు.

"మా ఆయన వాటా బిడ్డా. జెర ఓర్చుకో."

"తాతకు చాపలంటే అంత ఇష్టమా?"

"తినుటకన్న పట్టుడు ఇష్టం" అన్న. పిలగాడు కిటికీ ఇంకింత తెరిచిండు.

రానుపోను రెండు దినాలు పట్టింది, నడుం నొప్పి ఇంక రెండు దినాలు ఉంటది. అయినా పోవుడు మంచిగైంది, ఏడాది ముందే పోవాల్సి ఉండె. మౌలాలి దాటంగ రైలు ఆగితే సుజాతకు ఫోన్ చేసిన.

"మసాలా నూరి పెట్టు. చాపలు తెస్తున్న. మీ నాయన వాటా."

"నాయన వాటానా? ఎవలిచ్చిన్రు?"

"యాకూబ్ బాబాయి."

"ఆయనకు నాయనతోని మాటల్లేవు గదనే?"

"ఉన్నయి" అన్న. రైలు కదిలింది.