ఎడమచేతి కంచె

దక్షిణాఫ్రికాలో డర్బన్ పక్కనున్న ఖర్వాస్తాన్‌లో ప్రెగ్గీ ఇంటికి దారి అడిగితే నంబరు ఎవరూ చెప్పేవారు కాదు. "కంచెలు చూసుకుంటూ పో. ఎక్కడ చెయ్యి పెట్టి నిమరాలనిపిస్తుందో అదే ఇల్లు" అనేవారు. నిమిరావో, చచ్చావే! అది అమటుంగులు కంచె, మన వాక్కాయకి చుట్టం. పాలలాంటి తెల్లపూలు, మల్లె వాసన, ఎర్రటి కాయలు, ఆ కాయల వెనకాల రెండేసి కొనలున్న ముళ్ళు. కాయలు పెళ్ళాం ఇందిర పచ్చడి పెట్టేది. ముళ్ళు మాత్రం ప్రెగ్గీ వాటా.

ఆయన డర్బన్‌లో బస్సు తోలేవాడు. పుట్టింది మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చెరకుతోట కూలీల బారకాసుల్లో. అక్కడ గోడ ఎవరిదో, నేల ఎవరిదో, గుమ్మం ముందు మట్టి కూడా ఎవరిదో. అంచేత ఖర్వాస్తాన్‌లో సొంత జాగా దొరికినప్పుడు ఇల్లు లేవకముందే కంచె నాటేశాడు. ఆదివారం వస్తే చాలు, పెద్ద కత్తెర పట్టుకుని దాని చుట్టూ ప్రదక్షిణాలు. "ఈయనకి నా మీద కంటే ముళ్ళ మీద మోజెక్కువ" అని ఇందిర దెప్పేది. దెప్పుతూనే ఎండలో మజ్జిగ తెచ్చి ఇచ్చేది.

ఆ చెయ్యి పడిపోయింది. తొంభై రెండు చలికాలంలో ఓ పొద్దున్న, చేతిలో టీ కప్పుతో సహా. కుడి చెయ్యి, కుడి కాలు, మూతి ఓ పక్కకి. కాలు కొంచెం వస్తుంది, మాట కొంచెం వస్తుంది, చేతి మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. అన్నట్టే అయింది. వచ్చిన ఆ కాస్త మాటనీ ప్రెగ్గీ వాడలేదు. గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఇందిరే స్నానం చేయించేది, గుండీలు పెట్టేది, ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. ఎడంచేతికి చెంచా ఇస్తే కావాలని కింద పడేసేవాడు. ఎడంచేత్తో అన్నం తినడమా! వాళ్ళమ్మ చిన్నప్పుడు ఆ చేతి మీద గరిటెతో కొట్టి పెంచిన మనిషి మరి.

బయట కంచె పెరిగి కిటికీ మూసేసింది. ఇంట్లో పగలు కూడా లైటు వెయ్యాల్సి వచ్చేది. ఇందిర ఓ రోజు పెద్ద కత్తెర తీసుకుని వెళ్ళి, చేతులు రక్తాలు చేసుకుని, దాన్ని తిట్టి, తన రాతని తిట్టి, లోపలికొచ్చి ఏడ్చింది.

కొడుకు ప్రేషెన్‌కి పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో గవర్నమెంటు ఉద్యోగం. ఓ శనివారం అట్టపెట్టె ఒకటి చంకన పెట్టుకుని దిగాడు. అందులోంచి మూరెడు సాధనం తీశాడు. ముందు రెండు వరసల పళ్ళు, వెనక పిడి.

"ఇదేంట్రా, మీ నాయన గెడ్డం గీయడానికా?" అంది ఇందిర.

"కంచె కత్తిరించడానికి, మా. బ్యాటరీది."

"తీగేదీ?"

"తీగ ఉండదు. రాత్రంతా కరెంటు తాగుతుంది, పొద్దున్న పని చేస్తుంది."

"మీ తాతా రాత్రంతా తాగేవాడు. పొద్దున్న పని చెయ్యగా నేనెప్పుడూ చూళ్ళేదు."

తెల్లారాక ప్రేషెన్ కంచె పక్కన కుర్చీ వేసి, తండ్రిని నడిపించుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆ కరెంటు కత్తెర ఎడంచేతిలో పెట్టి, బొటనవేలు మీట మీద ఉంచాడు. ఇందిర గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఇదీ కింద పడేస్తాడు, చూస్తూండు, అనుకుంటోంది.

జుయ్యిమంది. లేత చిగుళ్ళు జలజలా ప్రెగ్గీ ఒళ్ళో రాలాయి. ఆయన ఉలిక్కిపడి మీట వదిలేశాడు. ఒళ్ళోకి చూసుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. ఈసారి వదల్లేదు.

ఇందిర ముక్కున వేలేసుకుంది. తీగ లేదు, తాడు లేదు, పొగ లేదు, పెట్రోలు కంపు లేదు. రాత్రి గోడలోంచి తాగిన కరెంటు పొద్దున్న చెట్టు దగ్గర పళ్ళు కదిలిస్తోంది! సరే, అది తెల్లవాళ్ళ మాయ అనుకుందాం. ఆవిడ ఒళ్ళు గగుర్పొడిచింది దాన్ని చూసి కాదు. పట్టుకున్న చేతిని చూసి. చెంచా బరువు మొయ్యనన్న చెయ్యి అంత బరువూ ఎత్తి పట్టుకుని, ముందుకీ వెనక్కీ, కంచె భుజం దువ్వుతోంది. పొయ్యి మీద అన్నం ఉడికేంతసేపు ఆడి, కత్తెర సన్నగా మూలిగి ఆగింది. ప్రెగ్గీ తలెత్తాడు. ఎన్ని నెలల తరవాతో నోరు తెరిచాడు.

"మళ్ళీ" అన్నాడు.

అక్కణ్ణించి ఆయన రోజు ఆ కత్తెర చుట్టూ తిరిగింది. పొద్దున్నే లేచేవాడు, ఎందుకంటే అది నిండి ఉంటుంది. కుర్చీ ఓ జానెడు జరిపేవాడు, ఆ ముక్క కత్తిరించేవాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళేసరికి ఈ చివర మళ్ళీ చిగురేసేది. ఆ కత్తెర సంగతులన్నీ ఆ ఇంట్లో అలాగే తెలిశాయి. చిటికెన వేలంత కొమ్మ వరకూ నములుతుంది, బొటనవేలంతదైతే మొరాయిస్తుంది. వాన తడి ఉంటే పళ్ళు చుట్టుకుంటాయి. అమటుంగులు కోస్తే పాలు కారి జిగురు పడుతుంది, ఆ జిగురుకి మందు కొబ్బరినూనె. ఇందిర తలకి రాసుకోగా మిగిలింది కత్తెరకి రాసేది.

కొన్నాళ్ళకి కుర్చీ అక్కర్లేకపోయింది. తరవాత గుండీలు. ఓ మధ్యాహ్నం ఇందిర కంచం ముందు పెట్టి, "ముళ్ళకి పనికొచ్చిన చెయ్యి ముద్దకి పనికిరాదా? నేనింక పెట్టను, పో!" అని వంటింట్లోకి పోయి తలుపు సందులోంచి చూసింది. ఆయన చాలాసేపు చేతికేసి చూసుకున్నాడు. తరవాత తిన్నాడు. ఆవిడ అక్కడే నిలబడి చెంగు నోట్లో కుక్కుకుంది.

ఇంతలో ఓట్ల మాట వచ్చింది. ఎనభై నాలుగులో ఇండియన్లకి వేరేగా ఓ ఓటు పెట్టినప్పుడు ప్రెగ్గీ వెళ్ళలేదు. "అందరూ ఒకే వరసలో నిలబడితే అప్పుడు పిలవండి" అని చెప్పి కంచె పనిలో పడ్డాడు. ఇప్పుడు తొంభై నాలుగు ఏప్రిల్‌లో, నల్లా తెల్లా అందరూ, ఒకే వరస. రేడియోలో ఆ వార్త విన్నాక ఆయన ఎడంచెయ్యి ఎత్తి ఇందిరకి చూపించాడు.

"నా... చేత్తో" అన్నాడు. "నువ్వు కాదు. వాళ్ళు కాదు."

"ఓటు లాంటి మంచి పని ఎడంచేత్తోనా?" అనబోయి నాలిక కరుచుకుంది ఇందిర. ఆ రోజు నుంచి రోజూ కత్తెర ఆగిపోయాక ఆయన, ఓటు కాగితం మీద పెట్టాల్సిన గుర్తు కోసం, పుల్లతో మట్టిలో అడ్డగీత, నిలువుగీత గీసుకునేవాడు. మొదట్లో ఆ రెండు గీతలూ ఒకదాన్నొకటి కలవను పొమ్మనేవి.

ఇక్కడే మన ఇందిరమ్మ చేసిన ఘనకార్యం చెప్పాలి. ఇంట్లో ఖాళీగా ఉన్న ప్లగ్గు సామి మూలలో, సామి పటాల పక్కన ఉంది. కత్తెర కరెంటు తాగే పెట్టెని ప్రేషెన్ అక్కడే తగిలించాడు. తగిలిస్తే దానికో ఎర్రదీపం వెలిగేది. "పొద్దున్నే తీసెయ్యి మా" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఇందిర ఊఁ అంది. కానీ ఆవిడ అవ్వ నేర్పిన ధర్మం ఒకటుంది. సామి దగ్గర వెలిగిన దీపాన్ని మనిషి చేత్తో ఆర్పకూడదు. నూనె అయిపోయి దానంతటదే కొండెక్కాలి. మరి ఈ దీపానికి నూనె అయిపోదాయె! ఇంకేముంది, కత్తెర వాడినంతసేపు తప్ప రాత్రీ పగలూ తాగుతూనే ఉంది. వారం రోజులు వాన పడితే వారమూ తాగింది. శుక్రవారం నాడు ఆ పెట్టెకి బొట్టు కూడా పెట్టేది. పెట్టేటప్పుడు వేలికి వెచ్చగా తగిలితే, సామి చల్లగా చూస్తున్నాడని మురిసిపోయేది.

ఓట్లు ఇంకా కొన్ని వారాలున్నాయనగా కత్తెర నీరసించింది. అన్నం ఉడికేంతసేపు ఆడేది, ఎసరు మరిగేలోపే ఆగిపోసాగింది. తరవాత ఓ పొద్దున్న ప్రెగ్గీ మీట నొక్కితే కిక్కురుమనలేదు. ఆయన ఇంకోసారి నొక్కాడు. కత్తెర గుమ్మం దగ్గర పెట్టి, లోపలికెళ్ళి, గోడకేసి తిరిగి పడుకున్నాడు. మర్నాడూ లేవలేదు. కంచం ముందు పెడితే చెయ్యి కదపలేదు.

ఇందిర పరిగెత్తుకెళ్ళి పక్కింటి లయొనెల్‌ని పిలిచింది. అతను ప్రెగ్గీ తోలే బస్సుల డిపోలోనే కరెంటు పని చేసినవాడు. కత్తెర విప్పి చూశాడు. బ్యాటరీలు ఉబ్బి, అంచుల్లో తెల్లగా బూజులాంటిది పట్టి ఉన్నాయి.

"ఆంటీ, దీన్ని ప్లగ్గులోంచి ఎప్పుడెప్పుడు తీసేవారు?"

"తియ్యడమేమిటి? సామి దగ్గర వెలుగుతుంటే!"

లయొనెల్ సామి మూలకేసి చూశాడు. ఎర్రదీపం, దాని కింద కుంకంబొట్టు. పాపం, నవ్వాపుకోవడానికి గట్టిగా దగ్గాడు. "కడుపు నిండాక కూడా కుక్కుతూ ఉంటే ఎవరికైనా ఇంతే ఆంటీ. ఉడికిపోయాయి. ఇలాంటివి మళ్ళీ దొరకాలంటే ఓట్లయ్యాక మాటే."

ఇందిరకి అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ పూజ చేసి మరీ మొగుడి చెయ్యి తీసేసింది తానన్నమాట! చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ సాయంత్రం మంచం అంచున కూర్చుని, దాచకుండా అంతా ఆయన వీపుకి చెప్పింది. దీపం సంగతి, బొట్టు సంగతి, వెచ్చదనం సంగతి. "నేనే చంపేశానయ్యా దాన్ని" అంది.

వీపు కదిలింది. ఏడుస్తున్నాడనుకుని ఆవిడ వంగి చూసింది. ఏడుపు కాదు. వంకరపోయిన మూతితో, గుడ్లనీళ్ళతో, ఊపిరాడకుండా నవ్వుతున్నాడు!

"ఇంటి దీపమని... ముద్దెట్టుకుంటే..." అన్నాడు.

"మీసాలు కాలాయట" అని పూర్తి చేసి, తనూ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆయన భుజం మీద వాలి ఏడ్చింది. ఆ రాత్రి ఆయన తన చేత్తోనే తిన్నాడు.

లయొనెల్ మర్నాడు పాత మోటారుసైకిలు బ్యాటరీ పట్టుకొచ్చాడు. రెండు తీగలు లాగి కత్తెర కడుపులోకి కలిపాడు. అది బతికింది! కానీ ఆ బ్యాటరీ ఇటుక బరువు. ఒంటిచేతి మనిషి మొయ్యలేడు. ఇందిర కూరగాయల సంచీలో వేసుకుని భుజాన తగిలించుకుంది. తీగ లేదని మురిసిపోయిన కత్తెరకి తీగ వచ్చింది. ఆ తీగకి ఒక చివర ప్రెగ్గీ, ఇంకో చివర ఇందిర. ఆయన అడుగేస్తే ఆవిడ అడుగు. ఆయన ఆగితే ఆవిడ ఆగాలి. వీధిలో వాళ్ళు బయటికొచ్చి చూసేవారు. చూడనీ! ముప్ఫై ఏళ్ళ కాపరంలో ఇందిర ఆ కంచెని ఇంత దగ్గరగా, ఇంతసేపు చూడలేదు. ఎడంచేత్తో ఆయన కత్తిరించిన అంచు, కుడిచేతి నాళ్ళలో లాగే, నీళ్ళు పోస్తే నిలిచేంత మట్టంగా ఉంది. మనిషిలో పనితనం చేతుల్లో ఉండదు కాబోలు, ఇంకెక్కడో దాక్కుంటుంది కాబోలు అనుకుంది. సాయంత్రం బ్యాటరీ నిండాక, కళ్ళు గట్టిగా మూసుకుని, సామికి దణ్ణం పెట్టి, స్విచ్చి తనే ఆపేది.

ఓట్ల రోజు వచ్చింది. బడి ముందు వరస కొండ దిగి మలుపు తిరిగింది. మొక్కజొన్నపొత్తులు అమ్మే జులూ ఆవిడ వయొలెట్ వాళ్ళ ముందు నిలబడింది. ఆమె ముందు కారులో వచ్చిన తెల్లాయన. ఎవరూ ఎవర్నీ దాటి పోవడం లేదు. ప్రెగ్గీ ఆ వరసని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసి, మళ్ళీ మొదటినుంచీ చూశాడు. వయొలెట్ తన డబ్బా బోర్లించి, "కూర్చో, బాబా" అంది. ఆయన తల అడ్డంగా ఊపి నిలబడే ఉన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది.

లోపల బల్ల దగ్గర డెనిషా అనే టీచరు పిల్ల ఉంది. ఆయన చెయ్యి చూసి, "అంకుల్, మా ఆఫీసరు వచ్చి గీత పెడతారు, ఫరవాలేదు" అంది మర్యాదగా. ప్రెగ్గీ తల అడ్డంగా ఊపాడు. దేశానికొకటీ రాష్ట్రానికొకటీ, రెండు కాగితాలు ఎడంచేత్తో తీసుకుని, ఓటేసే అట్టపెట్టె గూడుకేసి నడిచాడు. అలవాటుకొద్దీ ఇందిర కూడా వెనకే అడుగేసింది.

"ఇందీ. ఆగు."

ఆగిపోయింది. గూడు కింద నుంచి ఆయన కాళ్ళే కనిపిస్తున్నాయి. ఠప్పున పెన్సిలు కిందపడి దొర్లింది. ఇందిర కాళ్ళు పరిగెత్తబోయాయి. బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. ఆ కుంటికాలు వణుకుతూ వంగింది. ఎడంచెయ్యి నేల తడిమింది. దొరకలేదు. మళ్ళీ తడిమింది. గదిలో ఎవరూ కసరలేదు, ఎవరూ త్వరపెట్టలేదు. వయొలెట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అయ్యయ్యో అన్నట్టు, వాళ్ళ భాషలో "హౌ" అంది. పెన్సిలు దొరికింది. కాళ్ళు మళ్ళీ నిటారుగా లేచాయి. తరవాత చాలాసేపు ఏమీ కనపడలేదు.

ఆయన బయటికొచ్చాడు, చెమటతో తడిసి ముద్దయి. కాగితాలు ఒకదాని తరవాత ఒకటి డబ్బాలో వేశాడు. ఇందిర దగ్గరికి పోయి చెంగుతో మొహం తుడుస్తూ గుసగుసగా అడిగింది.

"ఎవరికి వేశావయ్యా?"

"చెప్పను."

ఇందిరకి ముందు చుర్రుమంది. రెండేళ్ళుగా ఆ ఒంట్లో ఆవిడకి తెలియని చోటు లేదు. ఆయన ఆకలి ఆవిడకి తెలుసు, ఒంటేలు ఆవిడకి తెలుసు, రాత్రి కల కూడా మూలుగుని బట్టి ఆవిడకి తెలుసు. ఇప్పుడు ఆవిడకి తెలియనిది ఒకటి, ఆయన ఒక్కడిదే అయినది ఒకటి, ఆయన దగ్గరుంది. తరవాత ఆవిడకి, ఎవరో కొత్త మగవాడు ఎదురుగా నిలబడ్డట్టు, సిగ్గేసింది.

"ఆంటీ, మీ కాగితాలు" అంది డెనిషా.

తనకీ ఓటుందన్న మాటే ఇందిర మరిచిపోయింది. వెళ్ళి, గూట్లో నిలబడి, తన కుడిచేతిని ఓసారి తిప్పి చూసుకుని, గీతలు పెట్టి వచ్చింది. కొండ ఎక్కుతుండగా ప్రెగ్గీ ఎడంచేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు... ఎవరికి?"

"నేనూ చెప్పను" అంది ఇందిర.