ఏడు గుమ్మాల కోట, మా చిన్నమావ

నిన్న పొద్దున విజయనగరంలో రైలు దిగి ఆటో కోసం చూస్తుంటే అత్త ఫోన్.

"మీ చిన్నమావ పోయాడే అమ్మీ" అంది.

స్టేషన్ బయట అలాగే నిలబడిపోయాను. చేతిలో సీతాఫలాల సంచి. నాలుక చివర చిన్నమావతో పెట్టుకోవాల్సిన గొడవ. రెండూ ఆయన కోసమే అంత దూరం నుంచి మోసుకొచ్చాను.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. చిన్నమావ అంటే మా అమ్మ తమ్ముడు. ఉండేది అరసవల్లి. మన జిల్లాల నుంచి కాశీ, మథుర, రాజస్థాన్ తిప్పే టూర్ బస్సులుంటాయి కదా, బియ్యం, పప్పు, గ్యాస్ సిలిండర్‌తో సహా వేసుకుని వెళ్ళేవి. ఆ బస్సుల్లో వంటమేస్త్రి. ఈ పోస్ట్ చదువుతున్నవాళ్ళలో సగం మంది ఆయన పులిహోర తినే ఉంటారు.

టూర్ నుంచి వస్తే నేరుగా మా ఇంటికే వచ్చేవాడు. చిన్నప్పుడు నాకు ప్రతిసారీ చిత్తోర్‌గఢ్ కోట కథే కావాలి.

"ఏడు గుమ్మాలు దాటాలే అమ్మీ. కొండ మీద ఊరికి ఊరే ఉన్నాది. గోడ మీద రెండు ఎడ్లబళ్ళు పక్కపక్కనే పోతాయి. కొలన్లో సేపలు సేతి దగ్గరికొచ్చి మేత తింటాయి, ఒక్కడూ వలెయ్యడు."

అక్కడి పెద్ద స్తంభం మెట్లు మాత్రం ఒక్కో టూర్‌కి ఒక్కో లెక్క చెప్పేవాడు. అడిగితే, "ఆయాసంలో ఎవడు లెక్కెడతాడే" అనేవాడు.

నేను స్కూల్లో ఎంత గొప్పలు పోయేదాన్నో. మా మావ చూశాడు, మా మావ ఎక్కాడు, పెద్దయ్యాక నన్నూ తీసుకెళ్తాడు.

మొన్నామధ్య మా కాలేజీ స్టాఫ్ రాజస్థాన్ ప్లాన్ చేస్తే ముందు ఆయనకే ఫోన్ చేశాను. నీకూ టికెట్ తీస్తాను, బయల్దేరు అన్నాను.

"సూసీ సూసీ ఇసుగెత్తిపోయాను. ఇప్పుడు నీ వంతు. సూసొచ్చి నాకు సెప్పు" అన్నాడు.

నమ్మాను.

కోట పైనుంచి ఫోన్ చేశాను. మావా, ఆ స్తంభం దగ్గరే ఉన్నాను, కొలను ఎటువైపు అని అడిగాను. "అక్కడే ఎక్కడో ఉంటాది, ఎవర్నైనా అడుగు" అన్నాడు. చిన్నప్పుడు నువ్వు చెప్పిన గాలి కిటికీ ఏదీ అంటే, "మూసేసుంటారు" అన్నాడు. సిగ్నల్ లేదని పెట్టేశాడు.

కిందికి దిగాక, బస్సులు ఆగే చోట, బోరింగు, వంకర వేపచెట్టు, సీతాఫలాల బండి. అవి మాత్రం ఆయన చెప్పినవి చెప్పినట్టే ఉన్నాయి. ముచ్చటేసి టీ కొట్టాయనకి మావ ఫోటో చూపించాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఈ వంటాయన చాలా ఏళ్ళుగా వస్తున్నాడు, ఆ చెట్టు కిందే పొయ్యి పెడతాడు, పైకి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు అన్నాడు హిందీలో.

గ్లాసు కింద పెట్టేశాను.

మోసం అనిపించింది. పెద్ద మాటే. కానీ నాకు ఇంకో మాట దొరకలేదు. నా చిన్నతనం అంతా అబద్ధం మీద మేడ కట్టినట్టయింది. ఫోన్‌లో అడగదలచుకోలేదు. ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి, అప్పుడు ఆ ముఖం చూడాలి అనుకున్నాను.

నిన్న అరసవల్లిలో ఆ ముఖం చూశాను. అడగడానికి లేకుండా.

టూర్ జనం చాలామంది వచ్చారు. నౌపడ వైపు నుంచి వచ్చిన, చేపల వ్యాపారం చేసే ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని చెప్పుకుపోతోంది.

"మేం కొండ దిగొచ్చి ఆకు ముందు కూకుంటే సాలు, ఏటి సూసినారు, ఎలాగున్నాది అని ఒకటే అడగడం. సెప్తేగాని మారు అన్నం ఎట్టీవోడు కాదు. ఆ సేపల మాట నేనే సెప్పినాను తల్లీ."

గోడ మీద ఎడ్లబళ్ళ మాట తనదేనన్నాడు వెనకాల కూర్చున్న రైతు ఒకాయన.

నాకు కడుపు మండింది. ఇన్నేళ్ళలో ఒక్కరైనా, అన్నం మేం చూసుకుంటాం, నువ్వు ఎక్కిరా అన్నారా అని గట్టిగానే అడిగాను.

"ఎన్నిసార్లు అన్నామో. ఎల్లితేనా. మేనగోడలికి మాటిచ్చినాను, దానితోనే ఎక్కుతాను అనీవోడు" అంది పెద్దావిడ.

అప్పుడు కూడా ఏడుపు రాలేదు. కోపం రెట్టింపయింది. మరి నాతో ఇసుగెత్తిపోయాను అని ఎందుకన్నట్టు?

అత్త చెప్పింది. కొన్నాళ్ళుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసమట. తెలిస్తే నేను ప్రయాణం మానేస్తానని ఎవరికీ చెప్పనివ్వలేదట.

మానేసేదాన్నే మావా. మానేస్తే ఏం మునిగిపోయేది? ఆ కోట ఎక్కడికీ పోదు కదా.

అసలు సంగతి విను. ఆ ఏడు గుమ్మాల్లోంచీ రోడ్డు ఉంది. ఆటో పై దాకా వెళ్తుంది. మన టూర్ వాళ్ళంతా నడిచే ఎక్కారట, అందుకే నీకెవరూ చెప్పలేదు. నేను ఆటోలోనే వెళ్ళాను. నా పక్కన ఇంకో మనిషికి చోటు ఉంది.

ఆయాసం అని ఒక్క మాట నాతో అనుంటే సరిపోయేది. నీ అబద్ధం నన్ను ఒంటరిగా పంపింది. నిన్ను చెట్టు కిందే ఉంచేసింది. చిన్నప్పుడు నువ్వు చెప్పినవన్నీ క్షమిస్తాను. ఈ ఒక్కటీ క్షమించలేకపోతున్నాను.

సీతాఫలాలు ఈరోజుకి పండాయి. అత్త తీసుకెళ్ళి నీ ఫోటో ముందు పెట్టింది. నేను పెట్టలేదు.

వెళ్ళిరా చిన్నమావా. ఇప్పుడు పొయ్యి మీద ఏమీ లేదు, ఆకు ముందు ఎవరూ కూర్చుని లేరు. ఏ ఆయాసమూ లేని చోట నిమ్మళంగా ఉండు.

సూసొచ్చి నాకు సెప్పు అన్నావు.

చూసొచ్చాను. వినకుండానే పోయావు.